ఆకులు కట్టి స్టేజీ ఎక్కించే ముందు పాత ఫోటోలు చూడండి

ఆగస్టు 9 వస్తే చాలు, మన పిల్లల నడుముకు ఆకులు కట్టి, మొహాలకు రంగులు పూసి స్టేజీ ఎక్కిస్తున్నరు. "ఆదివాసీలంటే ఇట్లనే ఉంటరు కదా" అంటరు. ఎవరు చెప్పిండ్రు? సినిమాలు చెప్పినయ్. మన తాతలు చెప్పలే.

సాక్ష్యం కావాలంటే ఉంది. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండు గూడేలల్ల, నల్లమల చెంచు పెంటలల్ల, గోదావరి ఒడ్డు కొండరెడ్ల ఊర్లల్ల ఫోటోలు తీసిండు. అవి లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నయి. గోండుల ఫోటోలల్ల ధోతి, తలపాగా కట్టిన పెద్దలు, చీర కట్టి నగలు పెట్టుకున్న ఆడవాళ్లు కనిపిస్తరు. చెంచుల ఫోటోలల్ల గోచీ కట్టి, విల్లు పట్టిన మగవాళ్లు ఉన్నరు. తెగ తెగకు కట్టు వేరు. అందరికీ ఒకటే "ఆదివాసీ డ్రెస్సు" ఎప్పుడూ లేదు.

అట్లని ఫోటోను గుడ్డిగా నమ్మొద్దు. హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి పనిచేసినవాడు. అంతకుముందు 1909లో ఏడు సంపుటాల పుస్తకం అచ్చేసిన థర్‌స్టన్, మన మనుషుల తలలు, ముక్కులు కొలిచినవాడు. అందుకే ప్రతి ఫోటోను అడగాలె: తీసింది ఎవరు? ఏ ఊరు, ఏ ఏడు? పండుగ బట్టనా, పనిబట్టనా? నిలబెట్టి తీసిందా?

ఈ ప్రశ్నలు అడగకపోతే ఏమైతదో గుస్సాడీని చూస్తే తెలుస్తది. నెమలి ఈకల టోపీ దండారి రోజులల్ల భక్తితో, నియమంతో పెట్టుకునేది. ఇప్పుడు లీడర్లు వస్తే స్వాగతానికి పెట్టిస్తున్నరు.

ఇది బట్టల ముచ్చట మాత్రమే కాదు. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డ్ తెగల గుర్తింపుకు పెట్టిన కొలమానాలల్ల "ఆదిమ లక్షణాలు" ఒకటి. ఆకుల వేషం ఆ చూపునే బలపరుస్తది. రేపు జీన్స్ వేసుకున్న మన చెల్లెను "నువ్వు ఆదివాసీవేనా?" అని అడిగేది కూడా ఆ చూపే. మన హక్కు మన నేల మీద, చరిత్ర మీద నిలబడ్డది. వేషం మీద కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాత ఫోటోలు ఫోన్‌ల దింపుకొని అవ్వల దగ్గర కూసోండి. నలుపు తెలుపు ఫోటో రంగు చెప్పదు, అవ్వ చెప్తది. ఆ నగ పేరేంది, ఆ బట్ట ఏ సంతల కొన్నరు, ఆ కట్టు ఎప్పుడు మారింది, మన భాషల రికార్డు చేయండి. వచ్చే ఆగస్టు 9కి స్టేజీ మీద ఏం కట్టాలో మనమే చెప్దాం.

జై ఆదివాసీ!