తెగితే రబ్బరు తెగనీ

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఫ్యాన్ ఆగిందంటే కరెంటు పోయిందని కాదు, మా చిన్నోడు విమానం ఎగరేస్తున్నాడని. బ్యాటరీ లేదు, రిమోట్ లేదు. సన్నటి పుల్లలు, పల్చటి కాగితం, ఒక రబ్బరు. ఫ్యాన్ గాలికే ఒరిగిపోయేంత తేలిక. నెల్లికుదురు ఎండల్లో ఫ్యాన్ ఆపితే మా అత్తమ్మ గొణుగుతుంది కానీ, చూడ్డానికి ముందుగా మంచమెక్కి కూర్చునేదీ ఆమే.

పోయిన నెల వాడు రబ్బరు మెలితిప్పుతుంటే టప్పుమని తెగింది. వారం రోజుల కష్టం నుజ్జయింది. వాడు ఏడుస్తుంటే నేను అందరు అమ్మల్లాగే, "అంత ఎందుకు తిప్పినవ్ రా, సగం తిప్పితే సరిపోయేది కదా!" అన్నాను.

"సగం తిప్పితే గోడ దాకా కూడా పోదమ్మా!"

నిజమే. ఈ విమానానికి పెట్రోలు ఆ మెలికలే. ప్రపంచ పోటీల్లో ఎఫ్1డి అనే తరగతిలో రబ్బరు 0.4 గ్రాములు మించకూడదు. అంత చిన్న రబ్బరుతో ఇరవై నిమిషాలకు పైగా ఎగరేసేవాళ్లున్నారు. వాళ్లూ రబ్బరును తెగేదాకా కాకపోయినా తెగే అంచుదాకా తిప్పుతారు. కాకపోతే విమానానికి దూరంగా తిప్పుతారు.

ఇప్పుడు మేమూ అంతే. రబ్బరు ఒక కొసను కిటికీ ఊచకున్న కొక్కేనికి తగిలిస్తాం. నాలుగైదు రెట్లు సాగదీసి తిప్పడం మొదలుపెట్టి, తిప్పుతూ మెల్లగా దగ్గరికి వస్తాం. అంతా అయ్యాకే విమానానికి మారుస్తాం. రబ్బరు విమానం పొట్టలోనే ఉండే రకమైతే, తిప్పేటప్పుడు దాని చుట్టూ ఒక గట్టి గొట్టం దూర్చాలి. తెగినా దెబ్బ గొట్టానికే తగులుతుంది. గాటు పడ్డ రబ్బరు వాడొద్దు, కిరోసిన్ తగలనివ్వొద్దు. పాతకాలం వాళ్లు రాపిడి తగ్గాలని ఆముదం రాసేవారు. కళ్లకు అద్దాలు మాత్రం తప్పనిసరి.

"తక్కువ తిప్పు" అనడం జాగ్రత్త కాదు, మన భయం. పరీక్షలకైనా, ఆటలకైనా పిల్లలకు మనం చెప్పేది ఎక్కువగా అదే. తెగినా నష్టం చిన్నదిగా ఉండేలా చూడటమే అసలు జాగ్రత్త అని నాకిప్పుడు అనిపిస్తోంది. 1878లో రైట్ సోదరులకు వాళ్ల నాన్న తెచ్చిన రబ్బరు బొమ్మ కూడా విరిగిపోయింది. వాళ్లు సొంతంగా ఇంకోటి చేసుకున్నారు.

నిన్న మళ్లీ రబ్బరు తెగింది. విమానం మాత్రం అత్తమ్మ ఒళ్లో భద్రంగా ఉంది. వాడు ఏడవలేదు, ఇంకో రబ్బరు తీసుకున్నాడు.