బస్తా సరే, దాన్ని అరిగించే మట్టి సంగతేంది?



2025 వానకాలంల యూరియా కోసం ఎంత గోస పడ్డమో అందరం చూసినం. చెప్పులు, పాస్‌బుక్కులు లైన్ల పెట్టి మనోళ్లు తెల్లారేదాక కూసున్నరు. కొరత గురించి గ్రూపుల మస్తు మాట్లాడినం, మాట్లాడాల్సిందే. కానీ ఆ బస్తా పొలంల వడ్డంక ఏమైతదో ఎవ్వరం అడగలే.

వరి వేర్లు యూరియాను నేరుగా తీసుకునేది చాలా తక్కువ. మట్టిల సూక్ష్మజీవులు తయారుచేసే యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియంగా మార్చాలె. అండ్ల కొంత గాలిల కలుస్తది, కొంత నీళ్లతోని పోతది. పట్టి ఉంచేది బంకమట్టి, సేంద్రియ పదార్థం. ఆ జీవులకు తిండి కూడా సేంద్రియ పదార్థమే. కోత కాంగనే కొయ్యలకు అగ్గిపెట్టి ఆ తిండినే కాలవెడుతున్నం.

జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధన స్థానంల 2000 నుంచి అవే మడులల్ల వరి మీద వరి వేసి చూస్తున్నరు. ఒక మడికి ఏ ఎరువూ లేదు, ఒకదానికి నత్రజని ఒక్కటే, ఒకదానికి ఎన్‌పీకే, ఇంకోదానికి ఎన్‌పీకేతో పాటు పశువుల పెంట. పెంట కలిపిన మడిల సేంద్రియ కర్బనం పెరిగింది, దిగుబడి కూడా ముందు వరుసల ఉంది. ఎరువు బంద్ చేయమని దీని అర్థం కాదు. యూట్యూబ్ చూసి యూరియా మొత్తం మానేయుమని ఇంట్ల చెప్తే నష్టపోయేది అమ్మానాయినలే.

కష్టం మాకూ తెలుసు. ఎడ్లు అమ్మినం, పెంటకుప్ప లేదు. కొయ్యలు కలియదున్ని మాగనియ్యాలంటే రెండు మూడు వారాలు కావాలె, డీజిల్ ఖర్చు వేరే. వెంటనే నాటేస్తే సూక్ష్మజీవులే నత్రజని గుంజుకుంటయి, నారు పచ్చవడుతది. వచ్చే ఏడు చేతిల ఉంటదో లేదో తెల్వని భూమికి కౌలురైతు పెంట తోలకపోతే తప్పు పట్టలేం.

కానీ యాసంగి కోతకు, వానకాలం నాట్లకు నడుమ టైం ఉంటది. అప్పుడన్న కాలవెట్టుడు ఆపి జీలుగ చల్లొచ్చు, గొర్ల మంద పెట్టియ్యొచ్చు. జీలుగ వేరు బుడిపెలల్ల బ్యాక్టీరియా గాలిల నత్రజనిని పట్టి ఇస్తది. పూత పట్టే టైంకు కలియదున్నాలె.

సాయిల్ హెల్త్ కార్డుల 12 అంశాలుంటయి. మనం ఎన్, పీ, కే చూసి దాసిపెడుతం. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే కిందికుంటే తక్కువ అని లెక్క. ఆ గడి కనిపించేటట్టు మీ ఇంటి కార్డు ఫోటో పెట్టుండ్రి. జగిత్యాల, సిరిసిల్ల అగ్రికల్చర్ కాలేజీలల్ల, కోరుట్ల వెటర్నరీ కాలేజీల చదువుతున్న మనోళ్లు చూసి, ఏ పొలానికి ఏం చేయాలెనో మన భాషల చెప్పుండ్రి. కోతలకు ముందే చెప్తే అగ్గిపెట్టకముందు ఇంటికి ఫోన్ చేస్తం.