దూరదేశము వెళ్ళే బిడ్డకు ఇంటిలో సిద్ధపాటు



మన పల్లెటూరి బడిలో చదువుకొనే పిల్లలు జపాను దేశము చూచి వస్తారంటే ఒకప్పుడు ఎవరూ నమ్మేవారు కారు. ఇప్పుడది జరుగుతున్న సంగతే. జపాను దేశపు విజ్ఞాన సంస్థ ఒకటి 2014లో ‘సకురా సైన్స్’ అనే కార్యక్రమము ఆరంభించింది. సకురా అంటే వసంతకాలములో ఆ దేశమంతటా పూసే ఒక పువ్వు పేరు. ఈ కార్యక్రమము క్రింద మన దేశపు ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు కూడా ఎంపికై, వారం రోజులపాటు అక్కడి ప్రయోగశాలలు, పాఠశాలలు చూచి వస్తున్నారు. ఇవిగాక కొన్ని పాఠశాలలు తామే జపాను పాఠశాలలతో స్నేహము కలుపుకొని పిల్లలను పంపుతున్నాయి.

ఎంపికైన వార్త ఇంటికి చేరగానే సంతోషము వెంబడే భయము కూడా వస్తుంది. “ఆడపిల్లను అంత దూరం ఎట్లా పంపుతాం?” అంటుంది నాయనమ్మ. “డబ్బు ఎక్కడ తేవాలి?” అంటాడు తండ్రి. “అక్కడ గుళ్ళకు తీసుకొనిపోతారట, బిడ్డ విశ్వాసము ఏమవుతుంది?” అని తల్లి రాత్రి నిద్రపోదు. ఈ మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. పిల్లవానికి బట్టలు కొనక ముందు పెద్దలు కూర్చుని వీటికి జవాబు చెప్పుకోవాలి. ఈ నెల మనము ఆ పని చేద్దాము.

మొదట డబ్బు, కాగితముల సంగతి

ఆహ్వానించిన దేశమే ఖర్చు పెట్టుకొనే ప్రయాణములు వేరు. తల్లిదండ్రుల డబ్బుతో పాఠశాల నడిపే యాత్రలు వేరు. మీ బిడ్డ వెళ్ళేది ఏ రకమైనదో ప్రధానోపాధ్యాయుని స్పష్టంగా అడిగి తెలుసుకొనండి. రెండవ రకమైతే పొలం తాకట్టు పెట్టవద్దు, వడ్డీకి తేవద్దు. వారం రోజుల యాత్ర కొరకు ఏండ్ల తరబడి వడ్డీ కట్టే ఇంటిలో సమాధానము ఉండదు. పంపలేమని తేలినప్పుడు, “నీవు తక్కువ కాదు, మా చేతిలో లేదు” అని తండ్రి తన నోటితో చెప్పాలి. ఆ మాట వినని బిడ్డ ఆ లోటును చాలా కాలము మోస్తాడు.

పాస్‌పోర్టు విషయములో మన క్రైస్తవ కుటుంబములకు ఒక చిక్కు తరచుగా వస్తుంది. సంఘ పుస్తకములో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు, ఆధార్ కార్డులో మరొక పేరు ఉంటాయి. బాప్తిస్మమప్పుడు పెట్టిన ‘గ్రేస్’ ఇంటిలో ఉండిపోతుంది, బడిలో ‘కె. కృపమ్మ’ అని వ్రాయిస్తారు. పాస్‌పోర్టులో పొడి అక్షరములు పనికిరావు, ఇంటిపేరు పూర్తిగా వ్రాయాలి. కాబట్టి బడి రికార్డు, ఆధార్ ఒకటిగా ఉన్నవో లేవో ముందే చూచుకొనండి. పద్దెనిమిది ఏండ్లలోపు బిడ్డకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రము కూడా కావాలి. తల్లి కువైట్‌లోనో తండ్రి దుబాయిలోనో ఉన్న ఇండ్లు మన సంఘములలో ఎన్నో ఉన్నాయి. అట్టివారు చివరి వారము వరకు ఆగక, కబురు రాగానే పని మొదలుపెట్టాలి.

ఇంటిలోనే నేర్పగలవి

జపాను మర్యాదలు పట్నం పిల్లలకంటె పల్లె పిల్లలకే త్వరగా వస్తాయని మా అభిప్రాయము. అక్కడ ఇంటిలో అడుగుపెట్టేముందు చెప్పులు విడుస్తారు, మనమూ అంతే. పాతకాలపు ఇండ్లలో చాప పరచిన గదిలో నేలమీదనే పరుపు వేసుకొని పడుకొంటారు. మన పిల్లలకు చాప క్రొత్త కాదు. పెద్దలకు ఏదైనా ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇస్తారు. అన్నం వారికి కూడా ప్రధానమైన ఆహారమే, అయితే అది కొంచెం అంటుకొనేటట్లు ఉంటుంది. ఆ అన్నమును రెండు పుల్లలతో తినాలి. సన్నని వెదురు పుల్లలు రెండు చెక్కించి, ఉడకబెట్టిన శనగలు ఒక గిన్నెలోనుండి మరొక గిన్నెలోకి తీయమంటే పది రోజులలో చేయి తిరుగుతుంది. ఒక్క జాగ్రత్త చెప్పండి: పుల్లలను అన్నములో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి పుల్లలనుండి మరొకరి పుల్లలతో అందుకొనకూడదు. ఆ రెండూ అక్కడ చావు ఇంటి ఆచారములు.

వారు స్నానపు తొట్టిలో దిగేముందు బయటనే ఒళ్ళు శుభ్రముగా కడుగుకొంటారు, తొట్టి నీరు ఇంటిల్లిపాదిదీ గనుక. మరుగుదొడ్డికి వేరే చెప్పులు ఉంటాయి, వాటితో బయటకు రాకూడదు. రైలులో బిగ్గరగా మాట్లాడరు. వీధిలో చెత్తడబ్బాలు అరుదు. చెత్తను సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చుకోవాలి. తొమ్మిది గంటలకు రమ్మంటే తొమ్మిదికి ముందే అక్కడ ఉండాలి. ఇది మన సంఘములలో పెద్దలకు కూడా కొంత అవసరమైన పాఠమే!

తల్లులకు ఒక మాట. బిడ్డ ఆకలితో ఉంటాడని కోడిమాంసపు పచ్చడి, ఎండు మాంసము, మామిడిపండ్లు సర్దవద్దు. మాంసముతో చేసినవి, పచ్చి పండ్లు ఆ దేశములోనికి రానీయరు, విమానాశ్రయములోనే తీసివేస్తారు. జలుబుకు వాడే మందులలో కొన్ని కూడా అక్కడ నిషేధము. కాబట్టి మందులేవైనా ముందుగా ఉపాధ్యాయునికి చూపి, డాక్టరు చీటీతో పంపండి. ఆడపిల్లకు నెలసరికి కావలసినవి తల్లి తానే సర్ది, సిగ్గుపడకుండ మాట్లాడి పంపాలి. మన ఫోను ఛార్జరు పుల్ల అక్కడి ప్లగ్గులో పట్టదు, రెండు పలక పుల్లలది కావాలి. వారి గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. మన ఇంటిలో సాయంకాలము ఆరు గంటలకు ప్రార్థనకు కూర్చుంటే అక్కడ తొమ్మిదిన్నర, బిడ్డ పడుకొనే వేళ. ఆ సమయమే ఏర్పాటు చేసుకొంటే రెండు దేశములలో ఒకే కుటుంబ ప్రార్థన జరుగుతుంది.

భాష గురించి భయపడనక్కరలేదు. వారి మాటలు మన మాటలవలెనే ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. ‘వతాషి వా గొహన్ ఒ తబేమసు’ అంటే ‘నేను అన్నం తింటాను’. మాటల వరుస కూడా మనదే! అక్కడి స్నేహితుల పేర్లు తెలుగు అక్షరములలో వ్రాసి ఇవ్వటము మీ బిడ్డ ఇవ్వగలిగిన మంచి బహుమానము. దానికి ఖర్చు ఒక కాగితము మాత్రమే.

గుడి ముందర నిలిచినప్పుడు

ఇక తల్లి నిద్ర చెడగొట్టిన ప్రశ్న. జపాను వెళ్ళిన విద్యార్థులకు షింతో మందిరములు, బౌద్ధ ఆలయములు చూపించటము సాధారణము. షింతో మందిరములలో నీటితో చేతులు కడుగుకొని, నాణెము వేసి, రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మరల ఒకసారి వంగే పద్ధతి ఉంది. అందరు పిల్లలు సరదాగా అది చేస్తూ ఉంటే మన బిడ్డ ఏమి చేయాలి?

చూచుట వేరు, మ్రొక్కుట వేరు. పౌలు ఏథెన్సు పట్టణములో తిరిగి అక్కడివారు పూజించేవాటిని జాగ్రత్తగా చూచాడని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో చదువుతాము. చూచినవాటినుండే మాట మొదలుపెట్టాడు. కాబట్టి చూడవచ్చు, ఆ కట్టడము గురించి, చరిత్ర గురించి తెలుసుకొనవచ్చు. మ్రొక్కే పని వచ్చినప్పుడు గౌరవముగా రెండడుగులు వెనుకకు నిలిస్తే చాలు. నవ్వకూడదు, ఎగతాళి చేయకూడదు. మన మందిరములో ఎవరైనా నవ్వితే మనకెట్లుంటుంది?

దానియేలు బబులోనులో ఉన్నప్పుడు వయసులో చిన్నవాడు. మనసులో గట్టిగా తీర్మానించుకొన్నాడు, కాని అధికారితో తగవు పెట్టుకొనలేదు; మర్యాదగా అడిగి, పది దినములు గడువు కోరాడు. మీరూ ప్రయాణమునకు ముందే ఉపాధ్యాయునితో ఒక మాట చెప్పి ఉంచండి. అప్పుడు బిడ్డ అందరి ముందు ఇరుకున పడడు. అయితే మనుష్యులకు వంగి చేసే నమస్కారమును మాత్రము మ్రొక్కుగా ఎంచవద్దు. అది మనము చేతులు జోడించి చెప్పే వందనము వంటిదే. దానిని మానితే భక్తి కనబడదు, పెడసరము కనబడుతుంది.

ఈ విషయములో ఆ దేశపు చరిత్రే మన పిల్లలకు పాఠము. జపానులో క్రైస్తవులు నేటికీ నూటికి ఒక్కరుగానే ఉన్నారు. సువార్త 1549లోనే రోమను కథోలిక మిషనరీలతో అక్కడికి చేరింది. 1597లో నాగసాకిలో 26 మందిని సిలువల మీద చంపారు. 1614లో దేశమంతటా క్రైస్తవ మతమును నిషేధించారు. అనుమానము వచ్చినవారిని క్రీస్తు బొమ్మ చెక్కిన పలకమీద కాలు పెట్టమనేవారు. అయినా నాగసాకి ప్రాంతపు పల్లెలలో రైతులు, జాలరులు రహస్యముగా విశ్వాసము కాపాడుకొన్నారు. గురువులు లేరు, మందిరము లేదు. తల్లిదండ్రులు ఇంటిలో చెవిలో చెప్పిన ప్రార్థనలే తరమునుండి తరమునకు నిలిచాయి. 1865లో నాగసాకిలో క్రొత్తగా కట్టిన దేవాలయమునకు ఉరకామి గ్రామస్థులు వచ్చి, తమ విశ్వాసమును అక్కడి గురువుకు మెల్లగా తెలియజేశారు. నిషేధపు పలకలు తీసివేసినది 1873లో. పాఠశాల లేక సంఘము లేకపోయినా ఇల్లు నిలబెట్టగలదని ఆ పల్లెవారు చూపించారు. మీ బిడ్డ వారం రోజులకు వెళ్తున్నాడు. ఇంటిలో పదిహేనేండ్లు నేర్పినది వారం రోజులలో పోదు. నేర్పకపోతే మాత్రము, పోవటానికి జపాను దాకా వెళ్ళనక్కరలేదు.

ఆడపిల్ల అని ఆపవద్దు

నాయనమ్మగారికి జపానువారి ఐదు వేల యెన్ నోటు చూపించండి. 2024లో వచ్చిన క్రొత్త నోటుమీద ఒక స్త్రీ ముఖము ఉంది. ఆమె పేరు త్సుదా ఉమెకో. 1871లో జపాను ప్రభుత్వము ఐదుగురు ఆడపిల్లలను చదువు కొరకు ఓడలో అమెరికాకు పంపింది. వారిలో అందరికంటె చిన్నది ఈమె, వయసు ఆరేండ్లు! అక్కడ ఒక కుటుంబములో పెరిగి, 1873లో బాప్తిస్మము పొందింది. వ్యవసాయములో నిపుణుడైన ఆమె తండ్రి 1875లో క్రైస్తవుడయ్యాడు. 1882లో తిరిగి వచ్చేసరికి ఆమె సొంత భాష మరచిపోయింది, మరల నేర్చుకొంది. 1900లో తోక్యోలో ఆడపిల్లల కొరకు పాఠశాల స్థాపించింది, నేడది విశ్వవిద్యాలయము. ఆ తల్లిదండ్రులు ఆనాడు భయపడి ఉండరా? భయపడే ఉంటారు, అయినా పంపారు.

తిరిగి వచ్చిన తరువాత

బిడ్డ రాగానే “ఏం తెచ్చావు?” అని అడగవద్దు, “ఎవరిని కలిశావు?” అని అడగండి. సంఘములో వేదిక ఎక్కించి పూలదండలు వేయటముకంటె, ఆదివారపు బడిలో చిన్నపిల్లల మధ్య కూర్చుండబెట్టి చూచినది చెప్పించటము మేలు. అక్కడి పాఠశాలలలో తరగతి గదులను విద్యార్థులే ఊడ్చి తుడుచుకొంటారు, మధ్యాహ్న భోజనము వారే వడ్డించుకొంటారు. అధికారి కొడుకైనా కూలివాని కొడుకైనా చీపురు ఒక్కటే. చీపురు పట్టుట ఒక కులపు పని అని ఎంచే మన గ్రామములలో ఈ సంగతి గట్టిగా చెప్పవలసినది. ఆ దేశములో కూడా కొందరిని అంటరానివారుగా చూచేవారు. 1871లో చట్టము దానిని తీసివేసినా మనస్సులు మారటానికి చాలా కాలము పట్టింది. శిష్యుల పాదములు కడిగిన ప్రభువును వెంబడించే మనకు ఆ పాఠము క్రొత్త కాదు, మరచిపోయినది.

వచ్చిన బిడ్డ మన ఊరు మురికి అని విసుగుకొంటే కోపపడవద్దు. “సరే, శనివారము మందిరపు ఆవరణము నీవు మొదలుపెట్టు, నీ వెనుక మేమూ వస్తాము” అనండి. పెద్దలు నిజముగా వెళ్ళండి. సాక్ష్యము అక్కడినుండి మొదలవుతుంది.

వెళ్ళే బిడ్డను, ఎదురుచూచే తల్లిని ప్రభువు తన సన్నిధిలో భద్రపరచునుగాక.