ఉద్దీపనం – ఆలంబనం

ఆర్థిక వ్యవస్థ మందగించినప్పుడల్లా మన వార్తాపత్రికలలో 'ఉద్దీపన' అనే మాట ప్రత్యక్షమవుతుంది. ప్రభుత్వం పన్నులు తగ్గించి, ఖర్చు పెంచి, చల్లబడిన వ్యాపారాన్ని తిరిగి రాజేయడానికి చేసే ప్రయత్నానికి పత్రికలవారు పెట్టిన పేరది. సాహిత్య విద్యార్థికి ఈ మాట కొత్తది కాదు. అలంకారశాస్త్రంలో విభావాలు రెండు విధాలు: ఆలంబనం, ఉద్దీపనం. నాయికానాయకులు శృంగారానికి ఆలంబనం. వెన్నెల, మలయమారుతం, కోకిల కూజితం ఉద్దీపనం. హృదయంలో అంకురించిన అనురాగాన్ని వెన్నెల పెంచగలదు. ఆలంబనమే లేనిచోట ఎంత పండువెన్నెల కాచినా రసం పుట్టదు. పన్నుల తగ్గింపు వార్తలు చదివినప్పుడల్లా నాకు ఈ భేదమే జ్ఞప్తికి వస్తుంది. శ్రామికునికి ఆలంబనం పని, ఆ పనికి దొరికే కూలి. పన్ను తగ్గింపు ఉద్దీపనం మాత్రమే.

ఇటువంటి తగ్గింపులు ఇటీవలి చరిత్రలో చాలానే ఉన్నాయి. అమెరికాలో పుట్టిన ఆర్థిక సంక్షోభం ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు, 2008 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం అనేక వస్తువులపై ఎక్సైజు సుంకాన్ని 4 శాతం మేర తగ్గించింది. 2009 ఫిబ్రవరిలో మరో 2 శాతం తగ్గించి, సేవాపన్నును 12 నుంచి 10 శాతానికి దించింది. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను, 2025 బడ్జెటులో ఆదాయపు పన్ను, అదే సంవత్సరం సెప్టెంబరు 22 నుంచి వస్తు సేవల పన్ను తగ్గాయి. ప్రతిసారీ వినిపించిన మాట ఒక్కటే: సామాన్యునికి ఊరట.

ఆ సెప్టెంబరులోనే ఒకనాడు తరగతిలో, కొల్లేటి లంక గ్రామం నుంచి బస్సులో వచ్చే ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, పన్ను తగ్గిందంటున్నారు కదా, మా నాన్న కూలి ఏమైనా పెరుగుతుందా?" అని అడిగాడు. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వెంటనే జవాబు కూడా తోచలేదు. పన్నుకూ కూలికీ సంబంధం ఏమిటని ఆ పిల్లలు నవ్వారు గాని, సంబంధం ఉన్నదనే కదా ప్రభుత్వాలు ఇన్నేళ్ళుగా చెబుతున్నది!

ఏలూరు నుంచి కైకలూరు వైపు తెల్లవారకముందే బయలుదేరి చూడండి. చెరువులలో నడుములోతు నీటిలో నిలిచి వలలు లాగేవారు, గట్టుమీద చేపలను ఏరి వేరుచేసేవారు, ట్రేలలో మంచు నింపి కలకత్తాకు, అస్సాముకు పోయే లారీలకు ఎక్కించేవారు కనబడతారు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు మోసే ముఠా కూలీలు, ధాన్యం మిల్లులలో పనిచేసేవారు, ఏలూరులో మగ్గాల ముందు కూర్చొని ఉన్నిపోగుకు ముడివేసే తివాచీ పనివారు – మన ప్రాంతపు సామాన్యులు వీరు. వీరి చేతుల మీదుగా పోయే సరుకులను గమనించండి. తాజా చేపకు జీఎస్టీ లేదు. ఉల్లిపాయకు లేదు. బస్తాలలో మిల్లుకు వచ్చే ధాన్యానికీ లేదు. లేని పన్నును తగ్గించడం ఎవరితరం? తివాచీపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గిన మాట నిజమే. కాని ఏలూరు తివాచీకి పేరుతెచ్చింది విదేశీ విపణి. ఎగుమతి అయ్యే సరుకుపై జీఎస్టీ భారం అంతకుముందూ లేదు. మన దేశంలోనే అమ్ముడయ్యే తివాచీలకు ఆ తగ్గింపు కొంత మేలు చేయవచ్చు, అంతే.

ఇక ఆదాయపు పన్ను. 2025 బడ్జెటు ప్రకారం కొత్త విధానంలో సంవత్సరానికి 12 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్నవారు పన్ను చెల్లించనక్కరలేదు. సరిగ్గా 12 లక్షలు సంపాదించేవానికి దీనివల్ల మిగిలింది ఏడాదికి 80,000 రూపాయలు. వల లాగే కూలికి ఏడాదిలో ప్రతిరోజూ పని దొరికినా ఆ 12 లక్షల దరిదాపులకు రాడు. అతడు మునుపూ ఆదాయపు పన్ను కట్టలేదు, ఇప్పుడూ కట్టడు. లాభం నావంటి ఉద్యోగులది. దాచడమెందుకు, నాకూ కొంత మిగిలింది. ఆ సొమ్ముతో నేను చేపలు ఎక్కువగా కొని కొల్లేటి కూలికి పని కల్పించానా? లేదు. ఇంటి అప్పు కొంత ముందుగా తీర్చుకొన్నాను. నేను చేసింది తప్పని అనుకోను. కాని ఉద్దీపన అంతటితో నా ఇంటి గడపలోనే ఆగిపోయింది.

కూలివాని ఇంటికి చేరేది కొనుగోలు మీద పన్ను. సబ్బులు, తలనూనె, పళ్ళపొడి, బిస్కెట్లు మొదలైనవాటిలో చాలావాటి మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. ఒక కుటుంబం ఇటువంటి వస్తువులకు నెలకు 600 రూపాయలు ఖర్చుచేస్తున్నదనుకొందాం. తగ్గింపు అంతా ధరలో ప్రతిఫలిస్తే నెలకు మిగిలేది సుమారు 66 రూపాయలు. ఏడాదికి 800 కూడా నిండదు. అటు 80,000, ఇటు 800. రెండింటికీ పేరు మాత్రం ఊరటే. అయినా ఆ 66 రూపాయలను నేను చులకన చేయను, అది ఆ ఇంటి పిల్లల నోటుపుస్తకాల ఖర్చు. అసలు చిక్కు అది పూర్తిగా చేతికి అందకపోవడంలో ఉంది. పేదల ఇళ్ళలో షాంపూ సీసాతో రాదు, రూపాయి పొట్లంగా వస్తుంది. లెక్క ప్రకారం దాని ధర 11 పైసలు తగ్గాలి. 25 పైసలు, అంతకు తక్కువ విలువగల నాణేల చెలామణి 2011 జూన్ 30తోనే ముగిసింది. ఇక దుకాణదారు 11 పైసలు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడు? కంపెనీ దయతలిస్తే పొట్లంలో నాలుగు చుక్కలు ఎక్కువ పోస్తుంది. పన్ను తగ్గినా ధర తగ్గించని వ్యాపారులపై విచారణ జరపడానికి 2017లో ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థను ఏర్పాటుచేశారు. 2022 చివరలో దాని బాధ్యతలు వేరొక సంస్థకు మారాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం కింద కొత్త ఫిర్యాదుల స్వీకరణే ఆగిపోయింది. అంటే అతిపెద్ద తగ్గింపు వచ్చిన నాటికి కాపలావాడు లేడు.

కంపెనీల పన్ను తగ్గింపు మార్గం మరీ దూరమైనది. 2019లో ఆ పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ప్రభుత్వం వదులుకొన్న రాబడిని 1.45 లక్షల కోట్ల రూపాయలుగా అంచనా వేశారు. కంపెనీలు కొత్త కర్మాగారాలు పెడతాయి, ఉద్యోగాలు వస్తాయి అన్నది ఆశ. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు తన వార్షిక నివేదికలో, కంపెనీలు ఆ మిగులును అప్పులు తీర్చుకోవడానికి, నగదు నిలవలు పెంచుకోవడానికి వాడుకొన్నాయే గాని కొత్త పెట్టుబడులకు కాదని గుర్తించింది. కంపెనీలూ నేనూ ఒకే పని చేశామన్నమాట!

రఘువంశంలో కాళిదాసు దిలీపుని పన్నులను సూర్యునితో పోల్చాడు. సూర్యుడు నీటిని పీల్చుకొనేది వేయింతలుగా తిరిగి కురిపించడానికేనట. మహత్తరమైన ఉపమానం. కాని కొల్లేటి ఒడ్డున పుట్టినవానికి ఒక సందేహం మిగులుతుంది. ఇక్కడ ఆవిరైన నీరు ఇక్కడే కురుస్తుందా? చెరువులలో నీటికి ప్రాణవాయువు అందించే ఏరియేటర్ల మీద పన్ను 5 శాతానికి దిగింది. చెరువు యజమానికి అది నిజమైన మేలు, నేను కాదనను. ఆ చెరువులో మేత చల్లేవాని కూలి మాత్రం యజమాని ఖర్చు తగ్గిందని పెరగదు. పనివారి కొరత ఏర్పడినప్పుడే పెరుగుతుంది.

ఒక్కచోట నా వాదానికి నేనే అడ్డుపడాలి. మోటారు సైకిలు మీద తొట్టె కట్టుకొని ఊరూరా చేపలమ్మేవారిని మీరు చూసే ఉంటారు. 350 సీసీ వరకు ద్విచక్రవాహనాలపై పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 80,000 రూపాయల బండి మీద అది 6,250 రూపాయల తేడా. అతనికి బండి విలాసం కాదు, పనిముట్టు. పనిముట్టు ధర తగ్గితే పనివాడు నిజంగా బాగుపడతాడు. అయితే ఆ బండిలో రోజూ పోసే పెట్రోలు జీఎస్టీ పరిధిలోకి రాలేదు. 2020 మే నెలలో, అందరూ ఇళ్ళలో చిక్కుకొన్న రోజులలో, దానిపై కేంద్ర సుంకం లీటరుకు 10 రూపాయలు పెరిగింది కూడా.

అదే 2020 మే నెలలో గ్రామీణ ఉపాధి హామీకి కేంద్రం అదనంగా 40,000 కోట్లు కేటాయించింది. నా దృష్టిలో ఆలంబనమంటే అది. మట్టిపని కూలి ఖాతాలో పడితే, వారం తిరగకముందే కిరాణా కొట్టుకు, బట్టల దుకాణానికి చేరుతుంది. దానిని దాచుకొనే స్తోమత కూలివానికి లేదు గనుక. పనులకు మన ప్రాంతంలో కొదవా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటి లంకలు నీట మునిగాయి. పూడిన మురుగుకాలువలు, కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడిక తీయిస్తే కూలి దొరుకుతుంది, ఊరూ మునగదు. 2025 నాటి జీఎస్టీ తగ్గింపు వల్ల ప్రభుత్వాలు కోల్పోయే రాబడిని నికరంగా 48,000 కోట్లుగా అంచనా వేశారు. ఆ నష్టంలో రాష్ట్రాలకూ వాటా ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలి మొత్తాన్ని కేంద్రమే భరించేది. దాని స్థానంలో 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం పనిదినాలను 100 నుంచి 125కు పెంచింది; ఖర్చులో 40 శాతం మన వంటి రాష్ట్రాలే భరించాలని కూడా చెప్పింది. ఒక చేతి రాబడి తగ్గి, రెండో చేతి ఖర్చు పెరిగిన రాష్ట్రం ఆ లంక గ్రామంలో ఎన్ని రోజుల పని చూపగలదో, మళ్ళీ తరగతికి వచ్చినప్పుడు ఆ కుర్రవాడు నన్ను తప్పక అడుగుతాడు.