సంస్కృతి పేరుతో ఎవరిని కాపాడుతున్నారు?

స్త్రీ పురుష సమానత్వం మాట ఎత్తితే చాలు, ప్రపంచాన్ని రెండుగా చీల్చేస్తారు. పడమటి దేశాలు ముందున్నాయి, మిగతావాళ్లం వెనకబడ్డాం, కారణం సంస్కృతి అంటారు. కానీ స్విట్జర్లాండ్ మహిళలకు జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు వచ్చింది 1971లో. మన దగ్గర 1950లోనే రాజ్యాంగంతో పాటే వచ్చింది. ప్రపంచ జనాభాలో పదిమందికి దాదాపు తొమ్మిదిమందిలో మహిళల పట్ల ఏదో ఒక వివక్షా భావం ఉందని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 2023 నివేదిక తేల్చింది. ఆ తొమ్మిదిమందిలో ఆడవాళ్లూ ఉన్నారు.

తేడాలు లేవని కాదు. అవి ఖండాల సరిహద్దులను పట్టి నడవవు, అంతే. దూరం పోనక్కర్లేదు, మన ఇల్లే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు మాట్లాడటం లాంటి ఏడు కారణాలు చెప్పి, భర్త కొట్టడం సబబేనా అని అడిగారు. ఒక్క కారణానికైనా సబబే అన్న మహిళలు తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 84 శాతం చొప్పున ఉన్నారు. హిమాచల్ ప్రదేశ్‌లో 15 శాతమే. దేశం ఒకటే, చట్టమూ ఒకటే. పైగా డ్వాక్రా సంఘాలకు పేరుపడ్డవి మన రాష్ట్రాలే! ‘భారతీయ సంస్కృతి’ అన్న ఒక్క మాట ఈ తేడాను ఎలా వివరిస్తుంది? ఆడవాళ్లే ఒప్పుకుంటున్నారుగా అని చంకలు గుద్దుకునేవాళ్లకు ఒక మాట. పుట్టింటికి తిరిగి వెళ్లే దారి లేక, పేరు మీద సెంటు భూమి లేక బతుకుతున్న మనిషి, తను బతుకుతున్న ఇంటి రూలు ఏమిటో చెబుతుంది. దాన్ని అంగీకారం అనలేం.

ఇంకో చిక్కుంది. ఈ ప్రశ్న భర్త దగ్గరే ఆగిపోతుంది. పొలం యజమాని, ఊరి పెత్తందారు కొడితే సబబా అని అడగదు. ఖైర్లాంజి, హథ్రస్ ఆ ప్రశ్నలో పట్టవు. ఉద్యోగాలు తక్కువున్నప్పుడు మగవాళ్లకే ముందు హక్కు ఉండాలా అన్నది ప్రపంచ విలువల సర్వేలో పాత ప్రశ్న. నాట్లకూ కలుపులకూ పాకీపనికీ తరతరాలుగా వెళ్తున్న దళిత స్త్రీకి పని హక్కుగా రాలేదు, మెడ మీద కాడిలా వచ్చింది. కులం తనను తాను నిలుపుకోవడానికి స్త్రీని అదుపులో పెడుతుందని అంబేడ్కర్ 1916లోనే కొలంబియాలో చదివిన పత్రంలో చూపారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం మూడూ కులంలోపలి పెళ్లిని కాపాడే పద్ధతులేనన్నారు.

సంస్కృతి అనే సాకు సర్వేలతో ఆగదు. సీడా అని పిలిచే మహిళా వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని భారత్ 1993లో ఆమోదించింది. ఆడవాళ్లను తక్కువ చేసే ఆచారాలను మార్చాలన్న 5వ అధికరణం దగ్గరికి వచ్చేసరికి ఒక ప్రకటన జోడించింది. ఏ సమాజమైనా తానుగా ముందుకొచ్చి ఒప్పుకుంటే తప్ప దాని వ్యక్తిగత వ్యవహారాల్లో జోక్యం చేసుకోమని దాని సారాంశం. సమాజం అంటే ఎవరు? దాని తరఫున ఒప్పుకునేది కులపెద్దలా, జోగినిగా మారిన మాదిగ పిల్లా? దీనికి ప్రభుత్వాలు జవాబు చెప్పలేదు. ఆ ప్రకటనను వెనక్కీ తీసుకోలేదు.