ఇంజిన్ మార్చే ముందు ఉస్తాద్‌ని అడగండి

ఫిబ్రవరిలో మా మామూ ట్రాక్టర్ చేలోనే ఆగిపోయింది. వాళ్లది మార్టూరు దగ్గర పల్లె. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్లలోకి పోయింది గానీ, మా ఇంట్లో ఇప్పటికీ ప్రకాశమే.) పత్తి అయిపోయిన చేలో మోళ్ల మీద రోటావేటర్ తోలుతున్నాడు. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. ఇంకో రెండు సాళ్లే కదా అనుకున్నాడు. ఇంజిన్ పట్టేసింది.

బాడుగలకు తిరిగే బండి అది, ఆయన రోజీ రోటీ. షోరూమ్ వాళ్లు "పన్నెండేళ్ల బండికి ఖర్చు దండగ. ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి, ఫైనాన్స్ మేం చూస్తాం" అన్నారట. రాత్రి ఫోన్ చేసి "ఏం చెయ్యమంటావు బేటా?" అన్నాడు. ముందు విప్పించి చూద్దాం మామూ, అన్నాను. ఎందుకు కాలిందో తెలుసుకోకుండా కొత్త ఇంజిన్ పెడితే అదీ ఆ చేలోనే కాలుతుంది.

ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ అంటే పాఠం చెప్పేవాడని నేర్చుకున్నాను. గుంటూరు ఆటోనగర్లో ఆ మాటకి గ్రీజు వాసన ఉంటుంది. మా ఉస్తాద్ ముందు డిప్‌స్టిక్ లాగి చూశాడు. ఆయిల్ పాల చాయ్ రంగులో ఉంది. అంటే గాస్కెట్ కాలి నీళ్లు ఆయిల్లోకి దిగాయి. హెడ్ విప్పితే రెండు లైనర్లకు గీతలు. హెడ్ కాస్త వంగింది, ఫేసింగ్‌కి పంపాడు. అల్లాహ్ దయ, క్రాంక్ బాగానే ఉంది, బ్లాక్ పగల్లేదు.

అంతటితో ఆగితే ఆయన ఉస్తాద్ ఎందుకవుతాడు? రేడియేటర్ దించాడు. రెక్కల మధ్య పత్తి దూదీ నల్లరేగడి దుమ్మూ కలిసి కంబళిలా పట్టి ఉన్నాయి. లోపలంతా గార. మామూ ఏళ్ల తరబడి పోసింది బోరు నీళ్లు. ఆ నీళ్లు కాస్తే గిన్నెకే తెల్లపొర కడుతుంది, ఇక సన్నటి గొట్టాలు పూడిపోవా? బయట గాలి ఆడలేదు, లోపల నీళ్లు తిరగలేదు. "మియా, ముల్లు ఎర్రగీత దాటితే రోటావేటర్ లేపి, బండిని కాసేపు స్లోలో ఉంచి ఆపాలి. వేడి మీద మూత తియ్యొద్దు, చన్నీళ్లు అసలే గుమ్మరించొద్దు, హెడ్ పగులుద్ది" అని మామూకి గట్టిగానే పెట్టాడు. బిల్లు 38 వేలు.

ప్రతి ఇంజిన్నీ బతికించాలని నేను అనను. బ్లాక్ చీలినా, క్రాంక్ అరిగి సైజు దాటిపోయినా ఆయనే "దీనికి ఫాతిహా చదివేసెయ్ భాయ్" అంటాడు. ఆ మాట విప్పి చూసినవాడి నోట రావాలి. అమ్మేవాడి నోట కాదు.

2022 జూన్ 7న గుంటూరు చుట్టుగుంట సెంటర్లో యంత్రసేవా పథకానికి జెండా ఊపారు. రాష్ట్రం మొత్తానికి 3,800 ట్రాక్టర్లు, 320 కోత మిషన్లు, 40 శాతం రాయితీ. నాకు దాంతో పేచీ లేదు. కానీ ఆ ట్రాక్టర్లూ ఈ దుమ్ములోనే తిరుగుతాయి, ఈ నీళ్లే తాగుతాయి. కొనడానికి అంత రాయితీ ఇచ్చిన సర్కారు, రిపేరు బిల్లులో పావలా వంతు మోస్తే ఏం పోయింది? ఐటీఐ కుర్రాళ్లను ఆరు నెలలు ఇలాంటి ఉస్తాదుల దగ్గర కూర్చోబెట్టి, ఇద్దరికీ జీతం ఇవ్వొచ్చు. చేతిలో హునర్ ఉండి కాగితం లేనివాళ్లు మా ముస్లిం మొహల్లాల్లో కొల్లలు. వాళ్లకిచ్చేది ఖైరాత్ కాదు, మజూరీ.

ఆ షెడ్డులో ఒకప్పుడు అరడజను మంది షాగిర్దులుండేవాళ్లు. ఇప్పుడు ఒక్కడే. మామూ లైనర్లు వాడే దించాడు, చెయ్యి బాగా కుదిరింది. కువైట్‌లో డ్రైవర్ పని చూసుకున్నాడట. రంజాన్ అయ్యాక వెళ్తాడు.