ఎప్పటినుండి?

భిలాయి ఉక్కునగరమున స్థిరపడిన తెలుగువాడు పనికి జంకినవాడు కాడు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరినది మొదలు, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించువరకును, ఆ తరువాతను, నాటి శ్రీకాకుళ విశాఖపట్టణ మండలముల పల్లెలనుండి రైలెక్కి వచ్చినవారు ఇచట మట్టి త్రవ్విరి, ఇనుము కరగించిరి, ఖుర్సీపారు బస్తీలలోను సెక్టార్ల క్వార్టర్లలోను కాపురములు నిలుపుకొనిరి, సెక్టారు 5లో బాలాజీకి కోవెల కట్టుకొనిరి. కోకు బట్టీల యెదుట పూటలకు పూటలు నిలువగలిగిన ఆ వంశములవారు, వారి కుమారులు, మనుమలు, ఒక్క చిన్న శరీరబాధను గూర్చి మాత్రము డాక్టరుతో చెప్పుకొనలేకున్నారు. శిశ్నాగ్రమును కప్పియుండు చర్మము, వాడుకలో ముందోలు, బిగుసుకొని వెనుకకు రాకుండుటయే ఆ బాధ. వైద్యులు దీనిని ఫైమోసిస్ అందురు. ఇది పత్రికలో వ్రాయదగిన విషయమా యని ముఖము చిట్లించు పాఠకులు కొందరుందురని యెరుగుదును. మధుమేహమును గూర్చి, మూలశంకను గూర్చి నిస్సంకోచముగా చదువగలిగిన మనము దీనినేల చదువరాదో వారే చెప్పవలెను.

ఉక్కునగరమున ఈ మౌనమునకు ప్రత్యేకమైన ఆశ్రయమొకటి దొరికినది. మూత్రము పోయునపుడు మంట పుట్టినను, ముందోలు ఎర్రబారి చీలినను, తెలుగువాడు వెంటనే పలుకు మాట "వేడి చేసింది" అని. కొలిమి దాపున పనిచేయువానికి ఆ మాట మరింత సహజముగా తోచును. పగలెల్ల నిప్పుముందు నిలిచినవానికి వేడి చేయక మరేమి చేయునని తనలో తాను సమాధానపడి, మజ్జిగయు, బార్లీనీళ్ళును, సబ్జాగింజల పానకమును త్రాగుచు నెలలు గడుపును. మజ్జిగ మంచిదే, భిలాయి యెండలకు అది అవసరము కూడను. కాని కొలిమివేడిమి ముందోలును బిగింపదు, మజ్జిగ దానిని సడలింపదు. పెండ్లికాని యువకుడు తోటివానితో ఎప్పుడైన నోరు జారినచో "పెళ్ళయితే అదే సర్దుకుంటుందిలేరా" అను జవాబు వచ్చును. పెండ్లియైన తరువాత సర్దుకొనుటకు బదులు చర్మము చీలి, రక్తము చింది, కొత్త దంపతుల నడుమ ఇరువురకును అర్థముకాని యెడబాటొకటి ఏర్పడును. ఆ యెడబాటునకు కారణము తానేయని లోలోపల కుములు వధువులును ఉందురు.

నా యభిప్రాయమున, ఈ బాధ విషయమై అందరు అడుగు ప్రశ్న తొందరపాటు ప్రశ్న. "కోయించుకోవాలా, వద్దా?" అని రోగి అడుగును, "కోసేద్దాం" అని, వెలుపల బారులు తీరిన జనమును చూచి, వైద్యుడు చెప్పును. అంతకు ముందు అడుగవలసినది వేరొకటి గలదు: ఎప్పటినుండి? పుట్టిననాటినుండియు వెనుకకు రానిదియా, లేక నిన్నమొన్నటివరకు చక్కగా వచ్చుచుండి నడివయస్సున బిగిసినదియా? చికిత్స యంతయు ఈ భేదమును బట్టియే నడచును.

పుట్టుకతో ముందోలు లోపలి భాగమునకు అంటుకొని యుండుట ప్రకృతిధర్మము. డగ్లస్ గెయిర్డ్‌నర్ అను ఆంగ్ల వైద్యుడు 1949లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన వ్యాసమున, నూరుగురు నవజాత శిశువులలో పూర్తిగా వెనుకకు వచ్చునది నలుగురికి మాత్రమేయని చూపెను. డెన్మార్కు దేశమున బడిపిల్లలను ఏండ్ల తరబడి పరీక్షించిన యాకబ్ ఓస్టర్, వయస్సు పెరిగినకొలది చర్మము తానై విడివడుననియు, 16, 17 ఏండ్లు వచ్చుసరికి ఫైమోసిస్ మిగులునది నూటికొక్కరికేననియు 1968లో తేల్చెను. ఆ నూటికొక్కడు, బాధ యేమియు లేక, మూత్రము ధారాళముగా పోవుచు, శుభ్రతకు లోపము లేనియెడల, చికిత్స యక్కరలేక తన మానాన తానుండవచ్చును. బాధ యున్నవానికి సైతము చర్మము మెత్తగా, మచ్చలు లేక, సాగుగుణము కలిగి యున్నచో కత్తి జోలికి పోవలసిన పని చాల తరచుగా ఉండదు. బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్ పూతమందును బిగిసిన వలయముపై మాత్రమే పలుచగా, దినమునకు రెండుసార్లు, నాలుగు మొదలు ఎనిమిది వారములవరకు రాచుచు, గోరువెచ్చని నీటి స్నానమున నొప్పి పుట్టనంత మేరకు చర్మమును మెల్లగా సాగదీయుచుండవలెను. పిల్లలలో ఈ మందు అధికసంఖ్యాకులకు గుణమిచ్చుచున్నది. పెద్దలలో అంతటి నిశ్చయముతో చెప్పజాలము గాని, ముందుగా ప్రయత్నింపదగినదే. బలవంతముగా లాగుట మాత్రము కూడదు. చీలిక మానునపుడు మచ్చకట్టును, మచ్చ మరింత బిగియును.

ఈ క్రమము పాశ్చాత్యులు నేడు కనుగొన్నది యనుకొనువారు సుశ్రుతసంహితను తెరచి చూడవలెను. నిదానస్థానమున క్షుద్రరోగములలో నిరుద్ధప్రకాశమను పేర చెప్పబడినది ఈ రోగమే. చర్మము ద్వారమును కప్పివేయగా మూత్రము సన్నని ధారగా వెడలునని దాని లక్షణము. చికిత్సాస్థానమున ఇనుముతోగాని, కొయ్యతోగాని, లక్కతోగాని చేసిన రెండు కొసల తెరపియున్న గొట్టమును నేయి పూసి ప్రవేశపెట్టి, మూడేసి దినములకొకమారు మరికొంత లావు గొట్టమును మార్చుచు ద్వారమును వెడల్పు చేయుమనియు, కాదేని సేవనిని, అనగా అడుగుభాగమున నిడుపుగానుండు కుట్టురేఖను, తప్పించి కోసి సద్యోవ్రణమునకు వలె చికిత్స చేయుమనియు విధింపబడినది. మొదట సాగదీయుట, పిదప కత్తి. ఆ గొట్టములను నేడెవరును చేయించుకొననక్కరలేదు. వరుస యెట్టిదో గ్రహించిన చాలును.

ఇక పూతమందు అనగానే మన జనము మందులదుకాణమునకు పోయి "దురదకు ఒక ట్యూబు ఇయ్యి" అని అడుగుటయు, స్టెరాయిడు, శిలీంధ్రనాశకము, యాంటిబయాటిక్ మూడును కలగలిపిన మందు చేతికి వచ్చుటయు జరుగుచున్నది. స్టెరాయిడ్ పూతలను చీటీ లేక అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము కట్టడి చేసినను, ఆ కట్టడిని పాటించు కొట్లెన్నియో పాఠకులకే తెలియును. కొలతలేక నెలలతరబడి రాచిన స్టెరాయిడు చర్మమును పలుచబార్చి, లోపలి బూజును పెంచును. అంతకంటె హానికరమైనవి రైలుకట్ట ప్రక్క గోడలపై హిందీలో "గుప్త్ రోగ్, శర్తియా ఇలాజ్", అనగా గుప్తరోగములకు ఖాయమైన చికిత్స, అని సున్నపురంగుతో వ్రాయబడు ప్రకటనలు. డాక్టరునొద్ద సిగ్గుపడినవాడు ఆ ప్రకటనలవారి గుడారములో తన జీతమును సిగ్గులేక ధారపోయును.

నడివయస్సున కొత్తగా బిగిసిన ముందోలు కథ వేరు. ఇక్కడ చర్మమును చూచుటకు ముందు రక్తమును చూడవలెను. మధుమేహము ముదిరి మూత్రమున చక్కెర పోవుచున్నపుడు ముందోలు క్రింద కాండిడా అను శిలీంధ్రము పెరుగును. ఎరుపు, దురద, తెల్లని పొర, మాటిమాటికి సన్నని చీలికలు, అవి మానుటలో మచ్చలు, క్రమముగా బిగింపు. తనకు షుగరున్నదని యెరుగనివాడు మొట్టమొదట ఈ గురుతుతోనే వైద్యుని చేరుట అరుదు కాదు. వానికి సున్తీ చేసి పంపి రక్తపరీక్ష మరచిన వైద్యుడు గురుతును కోసి రోగమును విడిచినవాడగును. మరియొక చిక్కు గలదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను షుగరు మాత్రలు రక్తములోని చక్కెరను మూత్రము ద్వారా వెడలగొట్టి పనిచేయును. గుండెకును మూత్రపిండములకును అవి మేలు చేయునవే. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో తీరిన పిమ్మట అది మన దేశమున చౌకయై ఊరూర వాడుకలోనికి వచ్చినది. ఈ మాత్రల వలన జననాంగమున శిలీంధ్రబాధ హెచ్చునన్న మాటను మాత్రలు వ్రాయువారు చెప్పవలెను, వాడువారు వినవలెను. దురద పుట్టినదని మాత్రలు తమంత తాము మానుట తగదు. వ్రాసిన వైద్యునికే చెప్పవలెను.

షుగరు లేకయు బిగియు రకము లైకెన్ స్క్లెరోసస్. ఇందు ముందోలు కొస తెల్లబారి, గట్టిపడి, పెళుసై, మూత్రద్వారమును సైతము ఇరుకు చేయవచ్చును. ఇది అంటువ్యాధి కాదు; భార్యను శంకింప బనిలేదు, భార్యచే శంకింపబడ బనిలేదు. తొలిదశలో క్లోబెటసోల్ వంటి తీవ్రమైన పూత పనిచేయును. మచ్చ ముదిరినచో సున్తీయే తగిన మార్గము. కోసిన చర్మమును చెత్తబుట్టలో పారవేయక పరీక్షకు పంపుమని రోగి అడిగిన అడుగవచ్చును, ఏలయన వెనుకకు రాని ముందోలు మాటున కేన్సరు సైతము కన్నుగప్పి పెరుగగలదు. మానని పుండు, గడ్డ, దుర్వాసనతో స్రావము కనిపించినచో పూతలతో కాలహరణము చేయరాదు.

కత్తి యనగా సున్తీ యొక్కటే యని తలంచుటయు పొరబాటే. బిగిసిన వలయమును నిలువున చీల్చి అడ్డముగా కుట్టి చర్మమును నిలుపుకొను శస్త్రవిధానము గలదు. దానిని ప్రెప్యూషియోప్లాస్టీ యందురు. మెత్తని చర్మము గలవారికి అది తగును, లైకెన్ స్క్లెరోసస్‌కు తగదు. క్రింది నరమువలె కనబడు బంధము పొట్టిదై లాగుచున్నయెడల దానిని మాత్రమే సవరించిన సరిపోవచ్చును. ఈ మార్గములను వైద్యుడు తానై చెప్పనిచో రోగి పేరెత్తి యడుగవలెను. ఇక సున్తీ మాట యెత్తగానే "మనవాళ్ళలో లేదు కదండీ" అని వెనుకంజ వేయువారికి, సేవనిని తప్పించి కోయుమన్నది సుశ్రుతుడేయని జ్ఞాపకము చేయుదును. స్థానికముగా మత్తిచ్చి, గంటలోపుగానే ముగియు పని యిది. కుట్లు వానియంత అవియే కరగిపోవును. నాలుగు మొదలు ఆరు వారములు దాంపత్యమునకు విరామము. రక్తస్రావము, చీము, స్పర్శలో మార్పు అను చిక్కులు కొందరికి కలుగుననియు ముందే చెప్పించుకొనవలెను.

ఒక్క సందర్భమున మాత్రము ఆలోచనకు వ్యవధి లేదు. బిగిసిన ముందోలు ఏ రాత్రియో బలవంతముగా వెనుకకు పోయి, తిరిగి రాక, శిశ్నాగ్రము వాచిపోయినచో తెల్లవారువరకు సిగ్గుపడుచు కూర్చుండరాదు. అత్యవసర విభాగమునకు పోవలెను.

సెక్టారు 9లోని జవహర్‌లాల్ నెహ్రూ చికిత్సాలయము ఉక్కుకర్మాగారపు కుటుంబములకు అందుబాటున నున్నది. రాయపూరులో ఎయిమ్స్ గలదు. వైద్యము కరవైన ఊరు కాదిది. భోపాలు దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు చేర్చిన నిబంధనలు అపాయకరమైన పనులు చేయువారికి పండ్రెండు నెలలకు మించని గడువులో వైద్యపరీక్షలు జరుపవలెనని విధించినవి. ఏటేట షుగరు చూచు ఆ బల్లయొద్దనే, అది హెచ్చుగా నున్న పురుషుని, తలుపు మూసి, వెంట వచ్చిన కుమారుని వెలుపల కూర్చుండబెట్టి, ముందోలు సంగతి యొక మాట అడుగుటకు ఖర్చేమున్నది? ఏండ్ల తరబడి హిందీలో యంత్రములను నడిపిన మనిషికైనను ఇటువంటి మాట తల్లిభాషలోనే పెగలును గనుక, తెలుగెరిగిన నర్సో, కంపౌండరో, పురుషుడొకడు దగ్గరనుండుట మంచిది. శస్త్రచికిత్స జరిగినవానిని పుండు మానకమునుపే చెమటయు, మసియు, బిగుతైన రక్షణదుస్తులును గల బట్టీపనికి పంపరాదు. కొన్ని దినములు తేలికపని యిప్పింపవలెను. ఆ సెలవు చీటీ టైము ఆఫీసు బల్లపై పదిమంది కన్నుల బడునది గావున, దానిపై అవయవము పేరు వ్రాయక "చిన్న శస్త్రచికిత్స" అని వ్రాసిన చాలును.